డెస్క్‌టాప్ ఎస్ఎంపీఎస్ శబ్దం చేస్తోందా? కారణం పట్టుకుని సరిచేసే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

"అన్నా, సీపీయూ గుర్రుగుర్రుమంటోంది. ఎస్ఎంపీఎస్ పోయినట్టేనా? కొత్తది తెచ్చుకోవాలా?"

హైదరాబాద్‌లో ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రశ్న అడగని వారం ఉండదు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా, చేయాల్సిన వరుసలో ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఎస్ఎంపీఎస్ అంటే కేబినెట్ వెనక కరెంటు వైరు తగిలించే రేకు డబ్బా, గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు కావాల్సిన చిన్న వోల్టుల్లోకి మార్చి ఇచ్చేది. ముందుగా ఒక మాట. నా చేతికి వచ్చిన 'సౌండొచ్చే ఎస్ఎంపీఎస్'లలో ఎక్కువ వాటికి చెడింది ఫ్యానే. కరెంటు ఇచ్చే సర్క్యూట్ బాగానే ఉంటుంది. కొన్నిట్లో అయితే శబ్దం అసలు ఎస్ఎంపీఎస్‌దే కాదు. కాబట్టి శబ్దం ఎక్కడిది, ఎలాంటిది అన్నది తేలకుండా స్క్రూ విప్పొద్దు, కొత్తదానికి డబ్బులు కట్టొద్దు.

1. ఇవి కనిపిస్తే పరీక్షలేం వద్దు, గోడ దగ్గర స్విచ్ ఆపండి

- చిటపటమని నిప్పురవ్వలు రాలినట్టు శబ్దం
- ప్లాస్టిక్ కాలిన వాసన, లేదా చేపలు కుళ్లినట్టు ముక్కుపుటాలదిరే వాసన
- వెనక జాలీలోంచి పొగ గాని, వెలుగు గాని
- ఒక్కసారి 'ఠప్'మని, ఆ తర్వాత సిస్టమ్ ఆన్ కాకపోవడం

ముందున్న పవర్ బటన్ నొక్కి విండోస్ షట్‌డౌన్ అయ్యేదాకా ఆగకండి. నేరుగా గోడ స్విచ్ ఆపి ప్లగ్గు లాగేయండి. సేవ్ చేయని ఫైలు పోతే పోనివ్వండి. ఈ ఎస్ఎంపీఎస్‌ను శుభ్రం చేసినా, నూనె వేసినా లాభం లేదు. మార్చడమే మార్గం, నేరుగా 10వ అంకెకు వెళ్లండి. "ఇంకోసారి ఆన్ చేసి చూద్దాం" అన్న ఆ ఒక్కసారికే మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్ కూడా పోయిన ఇళ్లు చూశాను.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- స్టార్ స్క్రూడ్రైవర్, కొంచెం పొడవాటిది
- మెత్తటి పెయింట్ బ్రష్, ఒక అంగుళం వెడల్పుది
- గాలి కొట్టే బ్లోవర్, ఇంట్లో లేకపోతే పక్క షాపులో అడగండి
- ఐస్‌క్రీం పుల్ల, లేదా గట్టి ప్లాస్టిక్ పుల్ల
- పాత క్యాలెండర్ కాగితం ఒకటి
- మల్టీమీటర్
- ముక్కుకు మాస్కు
- ఫోన్, ప్రతి వైరూ పీకే ముందు ఒక ఫొటో తీయడానికి

ఫొటో తీయకుండా వైర్లు పీకి, పవర్ బటన్ పిన్నులు ఎక్కడివో తెలీక ఆదివారమంతా పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. ఈ ఒక్కటీ మర్చిపోకండి.

3. శబ్దం నిజంగా ఎస్ఎంపీఎస్‌దేనా?

కేబినెట్‌లో తిరిగేవి, మోగేవి చాలా ఉంటాయి: ప్రాసెసర్ ఫ్యాన్, కేబినెట్ ఫ్యాన్లు, గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్క్. రేకు డబ్బా కాబట్టి ఏ మూల మోగినా డబ్బా అంతా మోగినట్టే అనిపిస్తుంది.

ముందు పక్క మూత తీయండి. క్యాలెండర్ కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ఒక్కో భాగం దగ్గర పెట్టి వినండి. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే. కాగితం కొస తిరిగే రెక్కలకు తగలనివ్వొద్దు. ఎస్ఎంపీఎస్ వెనక జాలీ దగ్గర పెట్టినప్పుడు శబ్దం చెవిలో ఒక్కసారిగా పెరిగితే సగం పని అయినట్టే.

అయినా అనుమానం ఉంటే ఒక్కొక్కటీ తీసి చూడాలి. ప్రతిసారీ సిస్టమ్ ఆపి, ప్లగ్గు తీసి, ఆ తర్వాతే వైరు పీకండి.

మొదట కేబినెట్ ఫ్యాన్లు పీకి, ఆన్ చేసి, బయోస్ (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల) స్క్రీన్ దాకా వెళ్లి వినండి. తర్వాత హార్డ్ డిస్క్‌కు వచ్చే రెండు వైర్లూ పీకి మళ్లీ బయోస్‌లోనే వినండి. ప్రాసెసర్‌లోనే డిస్‌ప్లే ఉంటే గ్రాఫిక్స్ కార్డు కూడా తీసి చూడొచ్చు. ప్రాసెసర్ ఫ్యాన్ మాత్రం పీకొద్దు.

నల్లకుంటలో ఒక డీటీపీ షాపులో ఇలా చూడకుండానే నేను తొందరపడ్డాను. కీచుమనే శబ్దం వెనకనుంచే వస్తోందని ఎస్ఎంపీఎస్ మార్పించాను. కొత్తది బిగించి ఆన్ చేస్తే అదే కీచు. అది గ్రాఫిక్స్ కార్డుది. షాపాయన ఏమీ అనలేదు గానీ, ఆయన పెట్టిన ఖర్చు వృథా అయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి ఈ మెట్టు ఎక్కడా దాటవేయలేదు.

4. శబ్దం ఎలాంటిదో వినండి

మొత్తం పనిలో నిదానంగా చేయాల్సింది ఇదే. నాలుగు చిన్న పరీక్షలు చెబుతాను. వీటికి పనిముట్లు అక్కర్లేదు.

*ఆపిన క్షణం వినండి.* సిస్టమ్ షట్‌డౌన్ అవుతున్నప్పుడు గొట్టం చెవికి పెట్టుకోండి. కరెంటు ఆగాక కూడా శబ్దం మెల్లమెల్లగా తగ్గుతూ కొన్ని సెకన్లు సాగి ఆగితే, అది తిరిగేదాని శబ్దం, అంటే ఫ్యాన్. కత్తితో కోసినట్టు టక్కున ఆగిపోతే అది లోపలి కాయిల్స్‌దో, ట్రాన్స్‌ఫార్మర్‌దో. దాదాపు ఎప్పుడూ తప్పని పరీక్ష ఇది.

*పని పెంచి వినండి.* పెద్ద వెబ్ పేజీని మౌస్‌తో గబగబా పైకీ కిందికీ జరపండి, లేదా ఒక గేమ్ తెరవండి. జరిపిన ప్రతిసారీ కీచు స్వరం మారుతుంటే అది కాయిల్ మోత. శబ్దం ఒక నిమిషం ఆగి నెమ్మదిగా పెరిగితే ఫ్యాన్. వేడి పెరిగాక గానీ ఫ్యాన్ వేగం పెరగదు.

*పక్కకు పడుకోబెట్టి వినండి.* సిస్టమ్ ఆపి, కేబినెట్‌ను పక్కకు వాల్చి పెట్టి ఆన్ చేయండి. నడుస్తుండగా వాల్చకండి, హార్డ్ డిస్క్ దెబ్బతింటుంది. వాల్చాక గరగర తగ్గినా, మారినా ఫ్యాన్ బేరింగ్ అరిగింది.

*ఆపాక వినండి.* విండోస్ షట్‌డౌన్ అయి, గోడ స్విచ్ మాత్రం ఆన్‌లో ఉన్నప్పుడు సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తోందా? ఫ్యాన్ తిరగడం లేదు కాబట్టి అది 5 వోల్టుల స్టాండ్‌బై సర్క్యూట్ మోత. కంప్యూటర్ ఆపినా ఆ సర్క్యూట్ నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మీరు విన్నది ఈ కింది వాటిలో ఏదో చూడండి.

- టకటకమని, ఒకే లయలో: రెక్కకు ఏదో తగులుతోంది. వైరు ముక్కో, ఫ్యాన్ మధ్యలో ఊడి వేలాడే స్టిక్కరో, వంగిన జాలీయో. 6వ అంకె.
- గరగర, గుర్రు. ఆన్ చేసిన ఐదు పది నిమిషాల తర్వాత సర్దుకుంటుంది: బేరింగ్‌లో నూనె ఎండిపోయింది. డిసెంబరు, జనవరి పొద్దుటి చలిలో ఇది ఎక్కువ వినిపిస్తుంది. 8వ అంకె.
- హోరుమని గాలి శబ్దం, ఎప్పుడూ: దుమ్ము పట్టి వేడెక్కుతోంది, లేదా ఎస్ఎంపీఎస్ మీద మోయలేని బరువు పడుతోంది. 6, 10.
- బుయ్యిమని లోతైన మోత: మన కరెంటు 50 హెర్ట్జ్. ఇనుప ముక్క మీద తీగ చుట్టిన భాగాలు దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్‌లో మోగుతాయి. ముందు గోడవైపు చూడాలి. 5వ అంకె.
- సన్నటి కీచు, దోమ రొదలా: కాయిల్ మోత. 9వ అంకె.
- రేకు అదిరిన చప్పుడు, చేత్తో అదిమితే ఆగుతుంది: బిగింపు వదులైంది. 7వ అంకె.
- కాసేపు ఫ్యాన్ ఆగి, కాసేపు తిరుగుతుంది: కొన్ని మంచి మోడళ్లలో పని తక్కువున్నప్పుడు ఫ్యాన్ తనంతట తానే ఆగుతుంది. ఇది లోపం కాదు. పెట్టె మీదో, మాన్యువల్‌లోనో జీరో ఆర్‌పీఎం అనో, హైబ్రిడ్ అనో ఉందేమో చూసుకోండి.

5. గోడవైపు తప్పు ఉందేమో చూడండి

బుయ్యిమనే మోత కరెంటు పోయినప్పుడే మొదలవుతుందా? అయితే ఎస్ఎంపీఎస్‌ను తిట్టుకోకండి. ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే, లేదా చవక యూపీఎస్ బ్యాటరీ మీద నడుస్తుంటే అది ఇచ్చే కరెంటు నున్నగా అల ఆకారంలో ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. దానికి ఎస్ఎంపీఎస్ మూలుగుతుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉన్నవి ఒక్కోసారి ఆగిపోతాయి కూడా. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద పెడితే ఆ మోత పోతుంది.

పరీక్ష సులువే. యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బోర్డు అన్నీ పక్కనపెట్టి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టండి. మోత ఆగితే మీ తప్పు దొరికినట్టే. ఆగకపోతే వేరే గదిలో సాకెట్ చూడండి.

మల్టీమీటర్ వాడటం తెలిసినవాళ్లు ఏసీ వోల్టుల్లో పెట్టి సాకెట్ కొలవండి. 230కి 6 శాతం అటూ ఇటూ, అంటే సుమారు 216 నుంచి 244 మధ్య ఉంటే మంచిదే. సాయంత్రం వీధిలో ఏసీలన్నీ మొదలయ్యాక కూడా ఒకసారి కొలవండి. బాగా పడిపోతుంటేనో, ఎగబాకుతుంటేనో 1912కు ఫోన్ చేసి విద్యుత్ సంస్థకు ఫిర్యాదు చేయండి.

ఎర్తింగ్ సంగతి కూడా ఇక్కడే. కేబినెట్ రేకు ముట్టుకుంటే వేళ్లకు జివ్వుమంటోందా? పాతబస్తీ, చిక్కడపల్లి, మల్కాజిగిరి వైపు పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ వైరు లేకపోవడం మామూలే. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నంతే, దాదాపుగా రావాలి. రాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ వేయించండి. స్పీకర్లలో వచ్చే బుయ్యి మోత కూడా దీంతో పోవచ్చు. ఎర్త్ పిన్ను తీసేసి రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టుకోవడం మాత్రం ఎన్నడూ చేయకండి.

ఇంకో హెచ్చరిక. పాత, చవక ఎస్ఎంపీఎస్‌ల వెనక ఎర్రటి చిన్న స్విచ్ ఉంటుంది, 115 అనీ 230 అనీ రాసి. అది 230 మీదే ఉండాలి. మోత తగ్గుతుందేమోనని జరిపితే ఆన్ చేసిన క్షణంలో పేలుతుంది.

6. డబ్బా విప్పకుండా దుమ్ము వదిలించడం

సగం శబ్దాలు ఈ మెట్టుతో పోతాయి. మెట్రో పిల్లర్ల కింది రోడ్ల పక్కన ఉండేవాళ్లు మూడు నెలలకోసారి, లోపలి గల్లీల్లో ఉండేవాళ్లు ఆరు నెలలకోసారి చేసుకోవాలి.

1. సిస్టమ్ ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి.
2. కేబినెట్‌ను బాల్కనీలోకో మేడమీదికో తీసుకెళ్లండి. గదిలో కొడితే ఆ దుమ్మంతా మళ్లీ లోపలికే చేరుతుంది.
3. ఐస్‌క్రీం పుల్లను జాలీలోంచి దూర్చి, ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ రెక్క కదలకుండా ఆపి పట్టుకోండి.
4. బ్లోవర్‌ను జానెడు దూరంలో పెట్టి, ముందు వెనక జాలీ నుంచి, తర్వాత ఫ్యాన్ వైపు నుంచి కొట్టండి. ఒకేచోట పెట్టి ఉంచకుండా కొద్దికొద్దిగా కొట్టండి.
5. జాలీకి అంటుకున్న జిడ్డు దుమ్మును పొడి బ్రష్‌తో తీయండి. వంటింటికి దగ్గరున్న సిస్టమ్‌లలో ఇది గట్టిపడి ఉంటుంది.
6. కింద ఫిల్టర్ ఉంటే లాగి, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

మూడో మెట్టు చాలామంది వదిలేస్తారు. బ్లోవర్ గాలికి ఫ్యాన్ గిరగిరా తిరుగుతుంటే చూడటానికి బాగుంటుంది గానీ, ఆ వేగానికి బేరింగ్ పాడవుతుంది. శుభ్రం చేశాక శబ్దం ఎక్కువైందని వచ్చేవాళ్లలో చాలామంది చేసిన పని ఇదే.

ఇంట్లో నేల తుడిచే వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, స్టాటిక్ కరెంటు పుడుతుంది. తడిగుడ్డ, సబ్బు నీళ్లు, రూమ్ స్ప్రే, ఏవీ వద్దు.

టకటక శబ్దమైతే టార్చిలైటు వేసి జాలీలోంచి చూడండి. మల్కాజిగిరిలో ఒక ఇంట్లో జాలీకీ రెక్కకూ మధ్య ఎండిపోయిన బల్లి తోక ఇరుక్కుని ఉంది. రెక్క తిరిగిన ప్రతిసారీ దానికి తగిలి టక్, టక్. పుల్లతో తోకను బయటికి లాగాక శబ్దం ఆగింది గానీ, బల్లి మిగతా శరీరం లోపల బోర్డు మీద ఉందేమో చూడాలి కదా. ఉంటే షార్ట్ అవుతుంది. కేబినెట్ వెనక వాడని కార్డు స్లాట్లకు రేకు పట్టీలు లేక బారెడు సందులున్నాయి, బల్లులూ బొద్దింకలూ వచ్చింది అక్కడినుంచే. మీ కేబినెట్ వెనక్కి తిప్పి చూడండి, పట్టీలు లేకపోతే ఈ రోజే వేయించండి.

7. బిగింపు, పెట్టిన చోటు

ఎస్ఎంపీఎస్‌ను వెనక నాలుగు స్క్రూలు పట్టుకుని ఉంటాయి. మూడే ఉండటం, అందులో ఒకటి వంకరగా ఎక్కడం మామూలు. నాలుగూ సగం సగం తిప్పి, తర్వాత ఎదురెదురు మూలలు బిగిస్తూ రండి. ఎస్ఎంపీఎస్ కూర్చునే రేకు మీద పలచటి రబ్బరు ముక్కలు నాలుగు పెడితే అదురు బాగా తగ్గుతుంది. గాలి రంధ్రాలు మాత్రం మూయొద్దు.

ఇక కంప్యూటర్ టేబుల్. మన ఇళ్లలో సీపీయూ పెట్టడానికి చెక్క అర ఉంటుంది, ముందు తలుపు, వెనక పలక. ఆ అరలో మే నెల మధ్యాహ్నం ఎస్ఎంపీఎస్ తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఫ్యాన్ హోరెత్తక ఏం చేస్తుంది? వెనక పలక తీసేయండి, లేదా సీపీయూను బయట పెట్టండి. గోడకూ కేబినెట్‌కూ మధ్య కనీసం జానెడు ఖాళీ ఉండాలి. ఎస్ఎంపీఎస్ కిందివైపు ఉండే కేబినెట్ అయితే తివాచీ మీద పెట్టొద్దు, దాని ఫ్యాన్ కిందినుంచే గాలి లాగుతుంది.

8. ఫ్యాన్‌కు నూనె వేయడం, ఫ్యాన్ మార్చడం

ఇక్కడినుంచి జాగ్రత్త. ఎస్ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్‌లో (కరెంటు నిల్వ ఉంచే డబ్బీ లాంటి భాగం) 230 వోల్టుల మెయిన్స్ మీద సుమారు 325 వోల్టుల డీసీ నిలబడి ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉంటే 400 దగ్గరికి వెళ్తుంది. ప్లగ్గు తీసినా అది కొంతసేపు, ఒక్కోసారి చాలాసేపు పోదు. ప్రాణం తీయగలిగిన కరెంటు అది.

ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.

- వారంటీ అయిపోయిందా? మూత స్క్రూ మీద స్టిక్కర్ చిరిగితే వారంటీ పోతుంది. వారంటీ ఇంకా ఉంటే బిల్లు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి.
- మల్టీమీటర్‌తో ఎక్కువ వోల్టుల డీసీ కొలవడం మీకు అలవాటేనా?
- పక్కన ఇంకో పెద్ద మనిషి ఉన్నారా?

ఒక్కదానికి 'లేదు' వచ్చినా మీరు విప్పొద్దు, తెలిసిన టెక్నీషియన్‌కు ఇవ్వండి. మూడింటికీ 'అవును' అయితే చదవండి.

ప్లగ్గు తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి, ఎస్ఎంపీఎస్‌ను బయటికి తీసి ఒక పూటంతా వదిలేయండి. ఉంగరాలు, కడియాలు తీసేయండి. మూత నాలుగు స్క్రూలు విప్పి మెల్లగా ఎత్తండి, ఫ్యాన్ వైరు లాగినట్టవకుండా. చాలావాటిలో ఫ్యాన్ మూతకే బిగించి ఉంటుంది, కాబట్టి బోర్డును వేలితో ముట్టుకునే పనే ఉండదు. ముట్టుకోవద్దు కూడా. పెద్ద కెపాసిటర్ కాళ్ల మధ్య మీటర్‌తో కొలవగలిగితే కొలవండి. 10 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే మూత పెట్టేసి మర్నాడు చూడండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్‌మని డిశ్చార్జ్ చేసే అలవాటు మంచిది కాదు.

మూత తీశాక కళ్లతో చూడాల్సిందొకటుంది. కెపాసిటర్ల తలలు బల్లపరుపుగా ఉండాలి. ఏదైనా ఉబ్బినా, తలమీద గోధుమరంగు మరక ఉన్నా ఫ్యాన్ సంగతి వదిలేసి ఎస్ఎంపీఎస్ మార్చండి.

నూనె: ఫ్యాన్ మధ్యలో గుండ్రటి స్టిక్కర్ ఉంటుంది. గోరుతో ఒక అంచు లేపి మొత్తం ఊడదీయకుండా వెనక్కి మడవండి. కింద చిన్న రబ్బరు బిళ్ల ఉంటే సూదితో తీయండి. ఇరుసు కొస కనిపిస్తుంది. నూనె ఎండిన ఫ్యాన్‌లో అక్కడ నల్లటి బంక ఉంటుంది. దూదిపుల్లతో దాన్ని తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసి, రెక్కను వేలితో పదిసార్లు తిప్పి, ఇంకో చుక్క వేయండి. అంతే, రెండు చుక్కలు చాలు. మొదట బిగుతుగా రాసుకుంటూ తిరిగిన రెక్క, రెండో చుక్క తర్వాత ఒక్క తోపుకు చప్పుడు లేకుండా నాలుగైదు చుట్లు తిరుగుతుంది. అంచులకు అయిన నూనెను స్పిరిట్‌తో తుడిచి స్టిక్కర్ అతికించండి. తుడవకపోతే స్టిక్కర్ ఊడి రెక్కకు తగులుతుంది, టకటక మొదలవుతుంది.

కొబ్బరినూనె వద్దు. దాదాపు 24 డిగ్రీల దగ్గరే అది గడ్డకడుతుంది. మన డిసెంబరు రాత్రుల్లో ఫ్యాన్ పొద్దున్నే తిరగనని మొండికేస్తుంది, ఎస్ఎంపీఎస్ వేడెక్కుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా వద్దు, ఉన్న గ్రీజును కరిగించి అవి ఎగిరిపోతాయి. నూనె పని కొన్ని నెలలకే. ఇరుసు అటూ ఇటూ ఊగుతుంటే నూనెతో లాభం లేదు, ఫ్యాన్ మార్చాలి.

కొత్త ఫ్యాన్: పాత ఫ్యాన్‌ను చేత్తో పట్టుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. సరిచూడాల్సినవి:

- కొలత: 120 మిల్లీమీటర్లా, 80 మిల్లీమీటర్లా, మందం ఎంత
- 12 వోల్టుల డీసీ
- స్టిక్కర్ మీది ఆంపియర్లు పాతదానికి దగ్గరగా
- స్లీవ్ బేరింగ్ కన్నా బాల్ బేరింగ్, లేదా ఫ్లూయిడ్ బేరింగ్ మేలు
- తక్కువ వోల్టేజీలోనే తిరగడం మొదలెట్టాలి, ఎందుకంటే ఎస్ఎంపీఎస్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్‌కు 12 కాకుండా 5, 6 వోల్టులే ఇస్తుంది

మరీ నిశ్శబ్దంగా తిరిగేదని గాలి తక్కువ ఇచ్చే ఫ్యాన్ పెట్టకండి. శబ్దం పోతుంది గానీ ఎస్ఎంపీఎస్ కూడా పోతుంది.

పాతది విప్పే ముందు గాలి ఎటు వెళ్తోందో గుర్తు పెట్టుకోండి. పెద్ద ఫ్యాన్ సాధారణంగా లోపలికి, వెనకవైపు చిన్న ఫ్యాన్ బయటికి కొడుతుంది. తిప్పి బిగిస్తే వేడి లోపలే ఉండిపోతుంది. కనెక్టర్ సరిపోకపోతే పాత వైరు కనెక్టర్‌తో సహా కత్తిరించి, ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలిపి, టంకం వేసి, అతుకు మీద వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ స్లీవ్ తొడగండి. ఉత్త ఇన్సులేషన్ టేపు వేడికి జారిపోతుంది. వైరును రెక్కలకు అందకుండా కేబుల్ టైతో కట్టండి.

9. కాయిల్ మోత

కరెంటు మారినప్పుడల్లా కాయిల్స్ చుట్టలు సన్నగా కంపిస్తాయి, అదే ఆ కీచు. ప్రమాదం లేదు, ఎస్ఎంపీఎస్ చెడిపోతోందనడానికి గుర్తూ కాదు. కానీ రాత్రిపూట చదువుకునేవాళ్లకు, రికార్డింగ్ చేసేవాళ్లకు అది ఎంత చిరాకో నాకు తెలుసు.

గేముల్లో మాత్రమే వస్తే ఫ్రేమ్ రేటుకు (సెకనుకు గీసే బొమ్మల సంఖ్యకు) పరిమితి పెట్టండి, లేదా ఆ సంఖ్యను మానిటర్ వేగానికి కట్టేసే వీ-సింక్ ఆన్ చేయండి. మెనూ స్క్రీన్ల మీద వందల ఫ్రేములు పరిగెత్తడం వల్లే కీచు ఎక్కువగా వస్తుంది. పనేమీ లేనప్పుడు వస్తే బయోస్‌లో సీ-స్టేట్స్ (పని లేనప్పుడు ప్రాసెసర్ కరెంటు ఆదా చేసే ఏర్పాటు) ఆపి చూడండి. కరెంటు కొంచెం ఎక్కువ కాలుతుంది, తేడా లేకపోతే మళ్లీ ఆన్ చేసేయండి. ఎస్ఎంపీఎస్ మార్చాలనుకుంటే ముందు స్నేహితుడి ఎస్ఎంపీఎస్ ఒక్క పూట పెట్టి చూసి, కీచు పోయాకే కొనండి.

10. మార్చక తప్పనప్పుడు

1వ అంకెలోని లక్షణాలు కనిపించినవాళ్లు, కెపాసిటర్ ఉబ్బినవాళ్లు మళ్లీ ఆన్ చేయొద్దు, ఈ కొలతలు వదిలేసి నేరుగా కొనే మాటకు వెళ్లండి. మిగతావాళ్లు నిర్ణయించుకునే ముందు వోల్టేజీ చూడండి. సిస్టమ్ నడుస్తుండగా నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌లో నలుపు వైరుకూ పసుపుకూ మధ్య, నలుపుకూ ఎరుపుకూ మధ్య డీసీ వోల్టులు కొలవండి. మీటర్ ముల్లులు ఒకదానికొకటి తగలనివ్వొద్దు.

- పసుపు, 12 వోల్టులు: 11.4 నుంచి 12.6
- ఎరుపు, 5 వోల్టులు: 4.75 నుంచి 5.25
- 24 పిన్నుల కనెక్టర్‌లో నారింజ, 3.3 వోల్టులు: 3.14 నుంచి 3.47

బరువైన పని నడుస్తున్నప్పుడు కూడా ఈ గీత లోపలే ఉండాలి. దాటితే శబ్దం ఉన్నా లేకున్నా మార్చండి. కొన్నిట్లో వైర్లన్నీ నల్లగా ఉంటాయి, అప్పుడు రంగు కాదు, పిన్ను స్థానం చూడాలి.

కొనేటప్పుడు పెట్టె మీది పెద్ద అంకె చూడకండి, పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. 450 వాట్లని రాసి, ఆ గడిలో 16 ఆంపియర్లే ఉంటే లెక్క కట్టండి: 12 ఇంటూ 16, 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేది ఇందులోంచే. ఆమధ్యే గ్రాఫిక్స్ కార్డు వేయించాక ఫ్యాన్ హోరు మొదలైందంటే కారణం చాలాసార్లు ఇదే. అవసరం లెక్కగట్టుకుని, దానికి మూడో వంతు ఎక్కువ ఉన్నది తీసుకోండి.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే వరుసగా షాపులే. నాలుగైదుచోట్ల ధర అడగండి. ఈ మాటలు మర్చిపోకండి:

- సీరియల్ నంబర్ రాసిన జీఎస్టీ బిల్లు
- వారంటీ ఎన్నేళ్లు, సర్వీస్ సెంటర్ ఎక్కడ
- వైర్ల పొడవు మీ కేబినెట్‌కు సరిపోతుందా
- గ్రాఫిక్స్ కార్డుకు కావాల్సిన కనెక్టర్లు ఉన్నాయా

సెకండ్ హ్యాండ్ మానిటర్ కొనండి, కీబోర్డు కొనండి, ఎస్ఎంపీఎస్ మాత్రం వద్దు. ఎంత వేడిలో ఎన్నేళ్లు నడిచిందో బయటినుంచి చూస్తే తెలియదు.

ఇంకోటి, వైర్లు ఊడదీసే మాడ్యులర్ మోడల్ కొంటే పాత ఎస్ఎంపీఎస్ వైర్లు ఒక్కటి కూడా దీనికి పెట్టకండి. కనెక్టర్ సరిగ్గా కూర్చున్నా లోపలి పిన్నుల వరుస కంపెనీకో రకంగా ఉంటుంది. తప్పు పిన్నులో 12 వోల్టులు వెళ్లి హార్డ్ డిస్క్ కాలిపోతుంది, అందులోని పెళ్లి ఫొటోలతో సహా.

11. బిగించాక మొదటి మూడు రోజులు

మొదటి రోజు పక్క మూత తీసి ఉంచి ఒక గంట నడపండి. కాగితపు గొట్టంతో మళ్లీ వినండి. వెనక గాలి చేతికి తగలాలి, గోరువెచ్చగా ఉండొచ్చు, కాలకూడదు.

రెండో రోజు మూత పెట్టి బరువైన పని ఇవ్వండి. మధ్యలో ఆగిపోవడం, తనంతట తానే రీస్టార్ట్ కావడం జరిగితే 24 పిన్నుల కనెక్టర్, ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల కనెక్టర్ 'క్లిక్'మనేదాకా కూర్చున్నాయో లేదో చూడండి.

మూడో రోజు పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న సిస్టమ్‌ను ఆన్ చేసి మొదటి ఐదు నిమిషాలు పక్కనే ఉండి వినండి. బేరింగ్ లోపం ఉంటే చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. అప్పుడే పట్టుకుంటే కొన్న షాపులోనే మార్చుకోవచ్చు.

పాత ఎస్ఎంపీఎస్‌ను తుక్కు బండికి వేయకండి. రాగి కోసం దాన్ని పగలగొట్టే మనిషికి ఆ పెద్ద కెపాసిటర్ సంగతి తెలియదు. ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇవ్వండి. ఇచ్చేలోపు దాని మీద మార్కర్‌తో 'పోయింది' అని రాసి పెట్టండి, ఇంట్లో ఎవరూ పొరపాటున ప్లగ్గు పెట్టకుండా.